విలియము కూపరు కవి జీవితము

పాలమూరు, నల్లగొండ సీమలలోని మన సంఘములయందు ప్రభురాత్రి భోజన సమయమునను, సిలువ శుక్రవారపు ఆరాధనలలోను, ఇమ్మానుయేలు రక్తమును ఒక ఊటతో పోల్చి చెప్పు కీర్తనను పాడుట మన పెద్దల కాలమునుండి వాడుక. అమెరికా బాప్తిస్టు మిషనువారు 1885లో పాలమూరునందును, 1890లో నల్లగొండయందును పని ప్రారంభించిన కొలది కాలములోనే ఇట్టి కీర్తనలు మన పల్లెలకు చేరినవి. ఆ పాట ఆంగ్లమునుండి తెలిగింపబడినది. దానిని మొదట రచించినవాడు విలియము కూపరు అను ఆంగ్లకవి. ఆ పేరును ఆంగ్లాక్షరములలో చూచినవారు కౌపరు అని చదువుదురు గాని, ఆయన కుటుంబమువారు కూపరు అనియే పలుకుచుండిరి. ఈ కీర్తన వ్రాసిన భక్తుడు తన జీవితములోని కడపటి ఇరువదియేడు సంవత్సరములు దేవుడు తన్ను త్రోసివేసెనని నమ్మి, దేవాలయమున అడుగిడక, ప్రార్థింపనైన సాహసింపక కాలము గడపెనని ఎరిగినవారు మనలో బహు కొద్దిమంది. ఆయనను పట్టి పీడించినది విషాదము, ఆందోళన అను మనోవ్యాధి. ఆయన కథయెంతయో, ఆయనను విడువక పట్టుకొనిన స్నేహితుల కథయు అంతయే.

కూపరు 1731వ సంవత్సరము నవంబరు మాసమున లండను నగరమునకు వాయవ్యదిశనున్న బర్కంస్టెడ్ అను చిన్న పట్టణమునందు జన్మించెను. తండ్రి జాను కూపరు ఆ ఊరి దేవాలయపు గురువు. తల్లి పేరు ఆను. ఆమె కనిన ఏడుగురు బిడ్డలలో బ్రదికినవారు మన కవియు, అతని తమ్ముడు జానును మాత్రమే. 1737లో తమ్ముని కనిన కొలది దినములకే ఆమె మరణించెను. అప్పటికి బాలునికి ఆరేండ్లు నిండలేదు. ఇంటి దాదులు బాలుని ఏడ్పు మాన్పుటకై, అమ్మ రేపు వచ్చునని చెప్పుచుండిరి. ఆ పసివాడు ప్రతిదినమును ఆ రేపటికొరకు ఎదురుచూచి, చూచి, తుదకు చూచుట మానెను. ఏబది మూడేండ్ల తరువాత, 1790లో, బంధువొకరు తల్లి చిత్రపటమును పంపగా, ఆయన దానిని ముద్దుపెట్టుకొని, పడకగదిలో తాను మేల్కొనగానే కనబడునట్లు తగిలించి, ఆ నాటి దుఃఖమునే పద్యముగా వ్రాసెను. ఇంట మరణము సంభవించినపుడు పిల్లలకు తీపి అబద్ధములు చెప్పు వాడుక మనలోను కలదు. తలిదండ్రులు ఈ సంగతి కొంచెము ఆలోచింపవలెను.

తల్లి పోయిన వెంటనే బాలుని ఒక వసతి పాఠశాలకు పంపిరి. అక్కడ పదునైదేండ్ల బాలుడొకడు ఈ చిన్నవానిని ఏరుకొని రహస్యముగా హింసించుచుండెను. కూపరు అతని ముఖమువంక కన్నెత్తి చూచుటకును భయపడి, కాళ్లజోళ్ల బిగింపులను చూచియే వచ్చినవాడు వాడని గుర్తించుచుండెనట. చివరకు సంగతి బయటపడి ఆ పెద్దబాలుని పాఠశాలనుండి వెడలగొట్టిరి గాని, అప్పటికే చేయవలసిన కీడు జరిగిపోయినది. మన హాస్టళ్లలో రాత్రివేళ దీపములార్పిన పిమ్మట జరుగు చిన్న చిన్న క్రూరకృత్యములను పిల్లలాటలని కొట్టిపారవేయు పెద్దలు కలరు. వారికి ఈ బిగింపుల సంగతి చెప్పదలచితిని.

పిమ్మట వెస్టుమినిస్టరు పాఠశాలలో ఆయన సుఖముగానే చదివెను. లాటిను, గ్రీకు భాషలు బాగుగ నేర్చెను, క్రికెట్టు ఆడెను, స్నేహితులను సంపాదించెను. తండ్రి ఇష్టము చొప్పున న్యాయశాస్త్రములో ప్రవేశించెను గాని, న్యాయవాది వద్ద కూర్చుండి పని నేర్చుకొనవలసిన వేళలలో అధికభాగమును ఆష్లీ కూపరు అను పినతండ్రి ఇంటిలో, ఆయన కుమార్తెలగు థియొడోరా, హారియటులతో నవ్వుచు గడపెను. థియొడోరాను పెండ్లాడగోరెను. మనలో ఇది వావికాని మాట. ఆ దేశపు ఆచారము దీనికి అడ్డు చెప్పదు. అయినను ఆమె తండ్రి సమ్మతింపలేదు. ఆమె జీవితాంతము అవివాహితగానే యుండెను. ఆమె పేరు ఈ కథలో మరల వచ్చును.

1753లో, లండనులో ఒంటరిగా గదులు తీసికొని యున్నప్పుడు, ఇరువదియొకటవ ఏట, ఆయనకు మొదటిసారి ఈ వ్యాధి సోకెను. పగలు రాత్రి దిగులు. మునుపు ప్రియమైన పుస్తకములు రుచింపలేదు. దాదాపు ఒక సంవత్సరమిట్లు గడచిన పిమ్మట సముద్రతీరమునకు పోయి యుండగా, ఒకనాడు ఎండలో కూర్చుండి యున్నప్పుడు ఆ భారము తొలగినట్లయ్యెను. ఈ తేదీని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. తరువాత ఒక వాదములో ఇది అక్కరకు వచ్చును.

అసలు పిడుగు 1763లో పడెను. ప్రభువుల సభయందు దినచర్యల గుమాస్తా ఉద్యోగము ఖాళీయయ్యెను. ఆ ఉద్యోగమునకు మనుష్యుని నియమించు హక్కు ఒక బంధువునకుండుటచే కూపరునకు అది లభించుననిరి. అయితే ఎదిరిపక్షమువారు అభ్యంతరము చెప్పుటవలన, ఆయన సభ ఎదుట నిలిచి పరీక్షకు లోబడి తన యోగ్యతను నిరూపింపవలసివచ్చెను. నలుగురిలో నోరెత్తుటయే ఆయనకు మరణసమానము. ఆరునెలలు దినదినము ఆ కచ్చేరికి పోయి పాత పుస్తకములు తిరుగవేసెను. కన్నులు అక్షరములను చూచుచుండెను గాని మనస్సునకు ఒక్క ముక్కయు ఎక్కలేదు. పరీక్షదినము దగ్గరపడినకొలది భయము ముదిరి, ఆయన తన ప్రాణము తానే తీసికొన ప్రయత్నించెను. దైవకృపవలన అది సాగలేదు. పిమ్మట ఆ ప్రయత్నమే మహాపాపమై ఆయన మనస్సును కాల్చెను. ఉద్యోగము పోయెను. తమ్ముడు వచ్చి చూచి, ఆ సంవత్సరము డిశంబరు మాసమున సెయింట్ ఆల్బన్సు అను ఊరిలోని వైద్యుని యింటికి ఆయనను చేర్చెను.

బాలబాలికలారా, ఈ భాగమును వ్రాయుటకు నాకు చేయి ఆడలేదు. 2019వ సంవత్సరము ఏప్రిల్ మాసమున ఇంటర్మీడియెట్ పరీక్షాఫలితములు వెలువడిన పిమ్మట మన తెలంగాణములో ఇరువదిమందికి మించిన విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. వారిలో ఎవరును కూపరుకంటె తెలివితక్కువవారు కారు. ముప్పది రెండేండ్ల వయస్సున పరీక్షకు జడిసి పడిపోయిన ఈ మనుష్యుడు ఆంగ్లసాహిత్యమునకు మేలు చేసిన పనులన్నియు ఆ తరువాతనే చేసెను. ఎవనికైన అట్టి తలంపు పుట్టినయెడల, అది ఎంత రాత్రియైనను, వార్డెనును గాని, అమ్మను గాని, పక్క మంచము మీది స్నేహితుని గాని లేపవలెను. ప్రభుత్వమువారు 2022లో నెలకొల్పిన టెలి మానస్ అను ఫోను సహాయము 14416 సంఖ్యపై రూకలక్కరలేకయే తెలుగులో దొరకును. లేపినందులకు కోపపడు పెద్దవాడు ఈ ఆవరణములో లేడని నేను చెప్పగలను.

సెయింట్ ఆల్బన్సులోని వైద్యుడు నథానియేలు కాటను. ఆయన గొప్పతనము తెలియవలెనన్న ఆ దినములలో మతిచెడినవారి గతి తెలియవలెను. లండనులోని బెడ్లము ఆస్పత్రిలో రోగులను గొలుసులతో బంధించియుంచెడివారు. సెలవుదినములలో జనులు సంతకు పోయినట్లు పోయి, వారిని చూచి నవ్వి వచ్చెడివారు. 1770వ సంవత్సరముదాక ఆ వేడుక సాగినది. కాటను వైద్యుడు తన యింట కొద్దిమంది రోగులను మాత్రము ఉంచుకొని, వారితో మృదువుగా మాటలాడి, తోటలో తిప్పి, సంభాషించుచు వైద్యము చేసెడివాడు. ఆయన కొంత కవి, మిక్కిలి భక్తుడు. అయినను రోగిని తొందరపెట్టి పశ్చాత్తాపమునకు లాగినవాడు కాడు. ఏడునెలలు గడచిన తరువాత, 1764 జూలై మాసమున, కూపరు తనంతట తానే పరిశుద్ధ గ్రంథము తెరచి, రోమీయులకు వ్రాసిన పత్రికలో మూడవ అధ్యాయము ఇరువదియైదవ వచనము చదివి, క్రీస్తు చేసిన ప్రాయశ్చిత్తము తనకొరకేనని నమ్మి, ఆనందబాష్పములు కార్చెను. అప్పటికిని ఆయన ఇంటికి పోక, మరి పదునొకండు నెలలు వైద్యుని యింటనే నిలిచెను. విశ్వాసము కలిగినది గనుక మందక్కరలేదని ఆ భక్తుడగు వైద్యుడు చెప్పలేదు.

మన సీమలో ఈ వ్యాధికి గాలి సోకినదనియు, బాణామతి చేసిరనియు పేర్లు కలవు. ఇంటిలోని కోడలు ముభావముగా మూలన కూర్చుండి, అన్నము మాని, బిడ్డను ఎత్తుకొననని చెప్పినయెడల భూతవైద్యుని పిలుచుటో, కొట్టుటో జరుగును. వానలు లేక పత్తి ఎండి, అప్పులవాడు గుమ్మమున కూర్చుండగా నోరు మూసికొనిన రైతును చూచి సోమరి అందురు. హైదరాబాదులోని ఎర్రగడ్డ ఆస్పత్రి పేరు మన పిల్లల నోట తిట్టుగా మారిపోయినది. క్రైస్తవులమగు మనము బాణామతిని నమ్మమని చెప్పుకొందుము. అయితే మనలో మరియొక వాడుక బయలుదేరినది. దిగులుతో క్రుంగినవానికి విశ్వాసము తక్కువయనియు, దాచిన పాపమేదియో యున్నదనియు, ఉపవాసముండి ప్రార్థించిన పోవుననియు చెప్పుచున్నాము. ఎముక విరిగినవానికి మనమిట్లు చెప్పము, జడ్చర్లకో నల్లగొండకో బండి కట్టుదుము. ప్రార్థనయు చేయుదుము, బండియు కట్టుదుము. ఈ వ్యాధికి మాత్రము రెండవది మరతుము.

1765 జూను మాసమున కూపరు వైద్యుని యింటినుండి వెడలెను. వచ్చునపుడు ఆయన అక్కడి సేవకుడగు సామ్యుయేలు రాబర్ట్సును వెంటబెట్టుకొని వచ్చెను. రోగిగా నున్నప్పుడు తన్ను కనిపెట్టి చూచినవాడు గనుక అతనిని విడువలేకపోయెను. బంధువులు తలకొంత వేసికొని ఏటేట ఇచ్చు సొమ్ముతో జీవించవలసినవాడు, సేవకునొకని పోషించుటేమని వారు సణిగిరి గాని, సామ్యుయేలు ముప్పదియేండ్లు నమ్మకముగా నుండెను. హంటింగ్డను పట్టణములో, ఒకనాడు దేవాలయము విడిచిన తరువాత, చెట్లనీడను ఒంటరిగా నడచుచున్న ఈ క్రొత్తవానిని చూచి అన్విను అను యువకుడు తానై పలుకరించి ఇంటికి తీసికొనిపోయెను. ఆ ఒక్క పలకరింపు ఎంత దూరము పోయెనో చూడుడు. ఆ యువకుని తండ్రి మార్లీ అన్విను గురువు, తల్లి మేరీ దొరసానిగారు. కూపరు వారింట అద్దెకు చేరి ఇంటివాడయ్యెను. 1767లో మార్లీ అన్విను గుఱ్ఱమునుండి పడి మరణింపగా, ఆ దుఃఖసమయమున వారిని చూడవచ్చిన జాను న్యూటను గారి పిలుపుమీద మేరీ దొరసానిగారును, కూపరును ఓల్నీ అను ఊరికి కాపురము మార్చిరి.

న్యూటను గారిని మీరెరుగుదురు. పూర్వము బానిసలను మోయు ఓడకు అధిపతియై, పిమ్మట గురువైన మనుష్యుడు. ఓల్నీ పేదల ఊరు. ఆడువారును పిల్లలును రోజంతయు లేసు అల్లి కడుపు నింపుకొనుచుండిరి. మన గద్వాల, పోచంపల్లి మగ్గముల సందులు చూచినవారికి ఆ ఊరు అర్థమగును. గురువుగారి ఇంటికిని కూపరు ఇంటికిని నడుమ ఒక తోట యుండెను. దానిగుండా దారి విడిచినందుకు తోటవానికి ఏటేట ఒక గినీ చెల్లించి, మిత్రులిద్దరు ఆ దారిన దినదినము పోవచ్చుచుండిరి. కూపరు రోగులను చూడబోయెను, ప్రార్థనకూటములలో పాల్గొనెను. 1771 ప్రాంతమున న్యూటను గారు ఇద్దరును కలిసి సంఘముకొరకు కీర్తనలు వ్రాయుదమని తలపెట్టిరి. అవి 1779లో ఓల్నీ కీర్తనలు అను పేర అచ్చుపడినవి. మూడువందల నలువది ఎనిమిదింటిలో అరువదికి పైచిలుకు మాత్రమే కూపరువి. కారణము, 1773 జనవరి మాసమున వ్రాత నిలిచిపోవుటయే.

ఆ నెలలో వ్యాధి మూడవమారు విరుచుకుపడెను. తమ్ముడు జాను 1770లోనే మరణించెను. మేరీ దొరసానిగారితో వివాహము నిశ్చయమైయుండెను, అదియు ఈ వ్యాధితో ఆగిపోయినది. ఫిబ్రవరి మాసమున ఆయనకొక కల వచ్చెను. నీ పని ముగిసినది, నీవు నశించితివి అను అర్థముగల మాట ఆ కలలో వినబడెను. అంతట దేవుడు లోకమందరిని క్షమింపగలడు గాని తన్ను మాత్రము శాశ్వతముగ త్రోసివేసెనని ఆయన నిశ్చయించుకొనెను. ఆ నమ్మకము మరణదినమువరకు పూర్తిగ విడువలేదు. ఇతరులకొరకు క్రీస్తు చనిపోయెనని అడుగువారికి చెప్పగలడు. తన మాట వచ్చినప్పుడు మాత్రము తలయూపును. ఇది తర్కముతో విప్పదగిన ముడి కాదు. న్యూటను గారు గొప్ప తార్కికులే, వాక్యము నోటనున్నవారే. వారికిని అది విడలేదు.

అయితే వారు చేసిన పని యొకటి కలదు. ఏప్రిల్ మాసమున ఊరిలో జాతర సందడి పడలేక, ఒక్క రాత్రి గురువుగారి ఇంట పండుకొందునని కూపరు వచ్చెను. వచ్చినవాడు తిరిగి పోననెను. ఒక రాత్రికని వచ్చిన అతిథి పదమూడు నెలలు నిలిచెను. మేరీ దొరసానిగారు కూడ సేవచేయుటకై అక్కడనే యుండిరి. లోకములోని వారందరు తన్ను ద్వేషించుచున్నారనియు, అందరిలో ఆమె ఎక్కువగా ద్వేషించుచున్నదనియు ఆయన నమ్మెను. అయినను ఆమె తప్ప మరియొకరు దగ్గరకు రాగూడదు. రాత్రింబవళ్లు ఆమె కాచెను, తన ఆరోగ్యము పాడుచేసికొనెను. ఆ శరత్కాలమున ఆయన మరల ప్రాణము తీసికొన చూచెను. ఊరివారు పలువిధముల మాటలాడిరి. విధవరాలికిని, పెండ్లిలేని పురుషునికిని చుట్టమేమి అనిరి. గురువు ఇంటిలో పిచ్చివాడేమి అనిరి. న్యూటను గారు అలసిరి, విసిగిరి కూడ. అయినను పొమ్మని ఒక్కమారైన చెప్పలేదు. ఒక రాత్రి ప్రసంగముకంటె పదమూడు నెలల అన్నము పెట్టుట కష్టము. న్యూటను గారు మంచి ప్రసంగీకులు. ఆయన పరిచర్యలో నాకు ఈ పదమూడు నెలలే మిన్నగా తోచుచున్నవి.

మతమే కూపరుకు పిచ్చి పుట్టించెనని, న్యూటను గారి గంభీరబోధ ఆయనను ముంచెనని కొందరు గ్రంథకర్తలు వ్రాసిరి. నేను జ్ఞాపకముంచుకొనుడనిన 1753వ సంవత్సరము ఇక్కడ అక్కరకు వచ్చినది. అప్పటికి ఆయనకు న్యూటనుతో పరిచయము లేదు, భక్తియు అంతగా లేదు. 1763లో ఆయనను కూల్చినది ఉద్యోగపరీక్ష. కాబట్టి ఆ నింద నిలువదు. అయినను మెత్తని మనస్సుగలవానికి రోగుల మంచములును, మరణశయ్యలును, కూటములును ఇంత భారముగా పెట్టుట తగదేమోయని నాకు అనిపించును. మన సంఘములలో పాట చక్కగా పాడువానిని, ప్రార్థన చక్కగా చేయువానిని పట్టుకొని అలసటయెరుగని ఎద్దువలె కట్టుట కద్దు.

1774 మే మాసమున గురువుగారి పెరటిలో కూపరు కోడిపిల్లలకు గింజలు చల్లుచుండెను. ఏదియో చిన్న వింత జరిగెను. ఆయన చిరునవ్వు నవ్వెను. పదునారు మాసములలో ఆ ముఖముమీద కనబడిన మొదటి నవ్వు అదియేనని న్యూటను గారు ఒక లేఖలో వ్రాసికొనిరి. ఆ నెలలోనే కూపరు తన యింటికి మరలెను. పొరుగువారి పిల్లలు ఒక కుందేటిపిల్లను తెచ్చి ఇచ్చిరి. ఈ మనుష్యునికి కుందేళ్లు ప్రీతియని తెలిసి ఊరివారు ఇంకను తేగా, మూడింటిని ఉంచుకొనెను. పుస్, టైనీ, బెస్ అని వాటి పేర్లు. మూడును పోతులే. వాటికి తానే కొయ్యపెట్టెలు చేసెను. పుస్ రోగముతో పడినపుడు తల్లివలె సేవచేయగా, కోలుకొనిన ఆ ప్రాణి ఆయన చేతిని అంతట నాకి కృతజ్ఞత చూపెను. టైనీ మాత్రము ఎంత పెంచినను అడవిగుణము మానలేదు. అదియు ఆయనకు ఇష్టమే. పుస్ దాదాపు పండ్రెండేండ్లు బ్రదికినది. వడ్రంగము, తోటపని, అద్దపుగదిలో దోసపాదులు పెంచుట, బొమ్మలు గీయుట, ఇట్టి పనులతో ఆయన దినములను ఒకటొకటిగా దాటించెను. చేతికి పని కల్పించి మనస్సును మళ్లించుట నేటి వైద్యులును చెప్పుదురు. ఆయనకు ఎవరును చెప్పకయే చేతులు దారి కనుగొన్నవి.

న్యూటను గారు 1780లో లండనుకు బదిలీయైపోవుచు, తన మిత్రుని ఒంటరిగా విడువక, పొరుగూరి సంఘకాపరియగు విలియము బుల్లును పరిచయము చేసిపోయెను. బుల్లు గారు వచ్చి, పొగ త్రాగుచు, కబుర్లు చెప్పి పోవుచుండిరి. ప్రార్థింపుమని ఒత్తిడి చేయలేదు. ఆ సంవత్సరపు శీతకాలమున మేరీ దొరసానిగారు పద్యములు వ్రాయుమని ప్రోత్సహించిరి. ఏబదియవ ఏట, 1782లో, ఆయన మొదటి పద్యసంపుటము వెలువడెను. అదే సంవత్సరము ఒక సాయంకాలము ఆయన క్రుంగియుండగా, ఆస్టెను దొరసానియను స్నేహితురాలు గుఱ్ఱము లాగుకొనిపోయిన జాను గిల్పిను అను బట్టలవర్తకుని కథను చెప్పెను. ఆ రాత్రి పండుకొని నవ్వి నవ్వి, తెల్లవారునప్పటికి ఆ కథను పద్యముగా అల్లుకొనెను. లోకము నవ్విన ఆ పాటను దుఃఖములో మునిగినవాడు వ్రాసెనని ఎవరును ఊహింపలేదు. ఆమెయే తమాషాకు, సోఫాపైన పద్యము వ్రాయుమనగా, అది పెరిగి ఆరు భాగముల మహాకావ్యమై 1785లో అచ్చుపడినది. దాని పేరు టాస్కు, అనగా అప్పగింపబడిన పని. అందులో పల్లెపొలములు, చలిరాత్రులు, జంతువులమీది దయ, బానిసత్వముమీది కోపము గలవు. 1788లో బానిసల పక్షమున ఆయన వ్రాసిన పాటలను కరపత్రములుగా అచ్చువేసి ఇంగ్లాండు అంతట పంచిరి. తన ఆత్మ నశించినదని నమ్మిన ఈ మనుష్యుడు ఇతరుల శరీరములకొరకు మాత్రము ఊరకుండలేదు. లండనులోని ధనవంతుడొకడు పేరు చెప్పవలదని పంపిన సొమ్మును ఓల్నీలోని లేసుపనివారికి దుప్పట్లుగను, బొగ్గుగను మార్చి పంచినవాడు ఈయనయే.

ఇక్కడ ఒక చిన్న మాట. 1786 ఆగస్టులో ఓల్నీలోని బాప్తిస్టు సంఘమువారు ఒక చెప్పులు కుట్టు యువకుని పరిచర్యకు పంపిరి. అతడే విలియము కేరీ. ఆయన శ్రీరామపురములో స్థాపించిన ముద్రాలయమునుండి 1814లో తెలుగు వ్యాకరణము, 1818లో తెలుగు క్రొత్త నిబంధన వచ్చినవి. ఆ కేరీ గారి భార్య డోరతి గారును, 1794లో కుమారుడు పీటరు మరణించిన పిమ్మట మతిచలించి, 1807లో చనిపోవువరకు పండ్రెండేండ్లకు పైగా ఆ బాధలోనే యుండిరి. పక్కగదిలో ఆమె కేకలు వినుచునే కేరీ గారు తర్జుమాలు చేసిరి. కేరీ గారి చరిత్ర మనము ఏటేట చెప్పుకొందుము. ఆ తల్లి పేరు ఎత్తువారు తక్కువ.

చిన్ననాడు కలిసి నవ్విన హారియటు, అప్పటికి హెస్కెత్ దొరసాని, పందొమ్మిదేండ్ల మౌనము తరువాత 1785లో ఉత్తరము వ్రాసెను. పిమ్మట వచ్చి, కూపరును మేరీ దొరసానిగారిని ఓల్నీలోని తేమయింటినుండి వెస్టను అను చక్కని పల్లెకు మార్పించెను. ఆ దినములలోనే పేరులేని యొకరు ఏటేట ఏబది పౌనులును, వ్రాతబల్లయు, మరికొన్ని కానుకలును పంపసాగిరి. కూపరు ఎంత అడిగినను హెస్కెత్ దొరసాని చెప్పలేదు. పంపినది థియొడోరాయని తరువాతివారు గ్రహించిరి. 1787లో వ్యాధి మరల ఆరునెలలు పట్టెను. లేచినవాడు హోమరు మహాకవి గ్రీకు కావ్యములను రోజునకు నలువది పంక్తుల చొప్పున తర్జుమా చేసి 1791లో వెలువరించెను.

ఆ సంవత్సరపు చివర మేరీ దొరసానిగారికి పక్షవాతము వచ్చెను. మరుసటి ఏడు మరల వచ్చెను. ఇరువదియేండ్లు తన్ను మోసినామెను ఇప్పుడు ఆయన మోసెను. తోటలో చేయిపట్టి నడిపించెను, సూది పట్టలేని ఆ చేతులనుగూర్చి పద్యము వ్రాసెను. ఆమె మాట తొట్రుపడి, బుద్ధి మందగించి, ఆయనను తన కుర్చీప్రక్కనుండి కదలనీయలేదు. వ్రాత సాగలేదు. 1794లో రాజుగారు ఏటేట మూడువందల పౌనుల పెన్షను మంజూరుచేసినపుడు, ఆ వార్త గ్రహించు స్థితిలో ఆయన లేడు.

1795లో తల్లివైపు బంధువగు జాను జాన్సను అను యువకగురువు వారిరువురిని తన ప్రాంతమగు నార్‌ఫోకునకు తీసికొనిపోయెను. ఇరువదియైదేండ్లవాడు, ఇద్దరు రోగులను చేతబట్టుకొని. 1796 డిశంబరు 17న మేరీ దొరసానిగారు కన్నుమూసిరి. ఆ దినము తరువాత కూపరు ఆమె పేరు ఎత్తలేదందురు. హేలీ యను మరియొక మిత్రుడు, తనకు పరలోకదర్శనమైనదనియు, గొప్ప దైవజనులనుండి ఆదరణ లేఖలు వచ్చుననియు కూపరుకు వ్రాసి, లోపల లోపల ఆ బిషప్పులను బతిమాలి లేఖలు వ్రాయించెను. లేఖలు వచ్చినవి. కూపరుమీద ఏమియు పనిచేయలేదు. హేలీ మనస్సు మంచిదే గాని, రోగిని భక్తి పేర మోసగించుట నాకు రుచింపదు. జాన్సను యుక్తి మేలు. ఆయన హోమరు పుస్తకమును బల్లమీద తెరచి, విమర్శకుల అభిప్రాయములను పక్కన పెట్టి, ఏమియు చెప్పక వెడలిపోయెను. కొంతసేపటికి కూపరు కలము తీసి తప్పులు దిద్దసాగెను. దినదినము అట్లే. సాయంకాలములలో జాన్సను నవలలు చదివి వినిపించెడివాడు. 1799 మార్చిలో హోమరు దిద్దుబాటు ముగిసెను. ఆ నెలలోనే ఓడనుండి పడి, తోటివారు కాపాడలేక విడిచిపోయిన నావికుని గూర్చి తన చివరి గొప్ప పద్యము వ్రాసెను. ఆ నావికునికంటె లోతైన నీటిలో తాను మునిగితినని అందు చెప్పుకొనెను.

1800 ఏప్రిల్ 25న ఈస్టు డీరం అను ఊరిలో, అరువదియెనిమిదవ ఏట, కూపరు మరణించెను. ఆదరణ పొందకయే మరణించెను. ఇట్లు వ్రాయుట కష్టము, అయినను సత్యము. మరణించిన పిమ్మట ఆ ముఖముమీద శాంతియు, పవిత్రమైన ఆశ్చర్యమును కలిసినట్లొక రూపు కనబడెనని జాన్సను వ్రాసికొనెను. చూచినది ఆయన, ప్రేమించినదియు ఆయనయే గనుక, దానిని ఆయన మాటగానే విడిచెదను. డెబ్బదియైదేండ్లకు దగ్గరపడి, చూపు మందగించిన న్యూటను గారు లండనులో తన మిత్రునికొరకు మరణప్రసంగము చేసిరి. కూపరును ఈస్టు డీరం దేవాలయమునందే సమాధిచేసిరి. మూడేండ్లముందు, మేరీ దొరసానిగారిని రాత్రివేళ దివిటీల వెలుగున, ఆయన మనస్సు చెదరకుండుటకై ఆయనకు తెలియనీయక, ఆ దేవాలయమునందే పాతిపెట్టియుండిరి.